గుమాస్తా నుండి మహానటుడు – బారీ ఫిట్జెరాల్డ్

కవి రాసిన కావ్యం, శిల్పి చెక్కిన విగ్రహం, చిత్రకారుడు గీసిన చిత్రం వారి తదనంతరం కూడ నిలిచి ఉంటాయి. రంగస్థల నటుడి సృష్టికి ఆ భాగ్యం లేదు. తెర పడగానే అతని కళ ప్రేక్షకుల జ్ఞాపకాలలోకి వెళ్లిపోతుంది. ఇరవయ్యో శతాబ్దంలో చలనచిత్రం వచ్చిన తర్వాత ఈ పరిస్థితి కొంత మారింది. నటుడి నడక, మాట, చూపు తరతరాలకు దక్కే అవకాశం ఏర్పడింది. అయితే రంగస్థలం మీద రాణించిన వారందరు వెండితెర మీద రాణించలేదు. రెండు రంగాలలోను సమానంగా ప్రకాశించిన కొద్దిమందిలో ఐర్లండ్ దేశానికి చెందిన బారీ ఫిట్జెరాల్డ్ ఒకడు.

ఆయన జీవితంలో రాజవంశాలు లేవు, వీరగాథలు లేవు. ఉన్నది పద్దెనిమిదేళ్లు పగలు ప్రభుత్వ కార్యాలయంలో కాగితాలు చూసి, సాయంకాలం నాటకశాలకు పరుగెత్తిన ఒక బిడియస్థుడైన గుమాస్తా. స్థిరమైన జీతం ఒకవైపు, అస్థిరమైన కళ మరొకవైపు నిలబడి పిలిచినప్పుడు ఆ మనిషి ఏ దారిన నడిచాడు, దానికి ఏ మూల్యం చెల్లించాడు, ఏమి పొందాడు అన్నదే ఈ పాఠంలోని విషయం.

జననం – కుటుంబం

బారీ ఫిట్జెరాల్డ్ అసలు పేరు విలియమ్ జోసెఫ్ షీల్డ్స్. ఆయన 1888 మార్చి 10వ తేదీన డబ్లిన్ నగరంలో జన్మించాడు. తండ్రి అడాల్ఫస్ షీల్డ్స్ ఐరిష్ దేశస్థుడు. కార్మికోద్యమంలో పాలుపంచుకొన్న వ్యక్తి. తల్లి జర్మన్ జాతీయురాలు. క్యాథలిక్కులు అధిక సంఖ్యాకులైన ఆ దేశంలో షీల్డ్స్ కుటుంబం ప్రొటెస్టంట్ మతశాఖకు చెందినది. ఈ విషయం గుర్తుంచుకోదగినది. ఎందుకంటే ఆయనకు ప్రపంచఖ్యాతిని తెచ్చిపెట్టిన పాత్ర ఒక క్యాథలిక్ మతగురువుది.

విలియమ్‌కు ఎనిమిదేళ్లు చిన్నవాడైన తమ్ముడు ఆర్థర్ షీల్డ్స్. అతడు కూడ నటుడే. అన్నదమ్ములిద్దరి స్వభావాలు భిన్నమైనవి. ఆర్థర్ ఉద్యమాలవైపు మొగ్గినవాడు. విలియమ్ నలుగురిలో మాట్లాడటానికే సంకోచించే మనిషి. అయినప్పటికి ఇద్దరి జీవితాలు కడదాకా ఒకదానితో ఒకటి పెనవేసుకొని సాగాయి.

విద్య ముగిసిన తర్వాత విలియమ్ 1911లో ప్రభుత్వోద్యోగంలో చేరాడు. అప్పటికి ఐర్లండ్ బ్రిటిష్ పాలనలో ఉంది. డబ్లిన్‌లోని వాణిజ్య మండలి కార్యాలయంలోను, తరువాత నిరుద్యోగుల వ్యవహారాలు చూసే విభాగంలోను ఆయన పనిచేశాడు. మధ్యతరగతి కుటుంబంలో పుట్టిన యువకుడికి అది గౌరవప్రదమైన కొలువు. నెల తిరిగేసరికి జీతం, వయసు మళ్లాక పింఛను. ఇంతకన్న కావలసినది ఏముందని ఆనాటి పెద్దలు భావించేవారు.

అబీ నాటకశాల

ఆయన నటజీవితాన్ని అర్థం చేసుకోవాలంటే అబీ నాటకశాల చరిత్రను కొంత తెలుసుకోవాలి. ఆంగ్ల రంగస్థలం మీద చాలా కాలం పాటు ఐరిష్‌వాడు అంటే ఒక హాస్యపు బొమ్మ మాత్రమే. తాగుబోతు, వదరుబోతు, పోట్లాటలరాయుడు, వింతయాసలో మాట్లాడే అమాయకుడు. ఐరిష్ పాత్ర కనిపించగానే ప్రేక్షకులు నవ్వటానికి సిద్ధపడేవారు. పాలితుల్ని పాలకులు చూసే చులకన చూపు ఆ పాత్రచిత్రణలో దాగి ఉంది.

ఈ అవమానాన్ని తుడిచివేసి, తమ ప్రజల నిజమైన జీవితాన్ని తమ నాటకశాలలో, తమ నటులతో ప్రదర్శించాలని కొందరు రచయితలు సంకల్పించారు. కవి డబ్ల్యు.బి.యేట్స్, లేడీ గ్రెగరీ, నాటకకర్త జె.ఎం.సింగ్ వారిలో ముఖ్యులు. వారి కృషి ఫలితంగా 1904 డిసెంబరులో డబ్లిన్‌లో అబీ నాటకశాల తలుపులు తెరచుకొన్నాయి. దేశ స్వాతంత్ర్యోద్యమానికి సమాంతరంగా సాగిన సాంస్కృతికోద్యమానికి అది కేంద్రమయింది. 1925లో ఆ నాటకశాలకు ప్రభుత్వం ధనసహాయం మంజూరు చేసింది. ఆంగ్లభాష మాట్లాడే దేశాలలో ప్రభుత్వ సహాయం పొందిన మొదటి నాటకశాల అదే.

ఈ ఉద్యమంతో మన దేశానికి, మన ప్రాంతానికి కూడ కొంత సంబంధం ఉంది. రవీంద్రనాథ్ టాగూరు రచించిన ‘పోస్టాఫీసు’ నాటకాన్ని 1913లో అబీలో ప్రదర్శించారు. అబీ స్థాపనకు ముందు, 1902లో, డబ్లిన్‌లో ఐరిష్ నటబృందం ప్రదర్శించిన తొలి నాటకాలలో జేమ్స్ కజిన్స్ రచన ఉంది. ఆ కజిన్స్ 1915లో భారతదేశానికి వచ్చి, తరువాత అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె కళాశాలలో పనిచేశాడు. 1919లో టాగూరు ‘జనగణమన’ గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించినది ఆ కళాశాలలోనే. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ గీతానికి స్వరలిపి సమకూర్చింది.

పగలు కార్యాలయం – రాత్రి రంగస్థలం

విలియమ్ మొదట ఔత్సాహిక బృందాలలో నటించాడు. 1915 ప్రాంతంలో అబీలో చిన్న చిన్న వేషాలు వేయటం ప్రారంభించాడు. గుంపులో ఒకడుగా నిలబడటం, ఒకటి రెండు మాటలు పలికి వెళ్లిపోవటం, ఇంతే ఆయన పని. షెరిడన్ రచించిన ‘ది క్రిటిక్’ నాటకంలో ఆయనకు పలకవలసిన వాక్యం ఒకే ఒకటి దక్కిందట. బెదురుతో నాలుక తడబడి, ఆ వాక్యంలోని అక్షరాలు తారుమారై వెలువడ్డాయని, ప్రేక్షకులు పగలబడి నవ్వారని చెబుతారు. వేరొకరైతే ఆ పరాభవంతో రంగస్థలానికి స్వస్తి చెప్పేవారు. ఆ నవ్వే తన దారిని ఆయనకు చూపించింది. తనలో హాస్యనటుడు ఉన్నాడని ఆయన ఆనాడు గ్రహించాడు.

ప్రభుత్వోద్యోగి నాటకాలాడటం పై అధికారులకు నచ్చకపోవచ్చు. అందువల్ల ఆయన తన అసలు పేరును దాచి, బారీ ఫిట్జెరాల్డ్ అన్న రంగస్థల నామాన్ని స్వీకరించాడు. పగలు విలియమ్ షీల్డ్స్, రాత్రి బారీ ఫిట్జెరాల్డ్. ఈ ద్వంద్వ జీవితం ఒకటి రెండేళ్లతో ముగియలేదు. 1929 వరకు కొనసాగింది. కార్యాలయంలో పని ముగించుకొని రావటం, రంగులు పూసుకొని వేదిక ఎక్కటం, మరునాటి ఉదయం మళ్లీ కాగితాల ముందు కూర్చోవటం. కళ పట్ల గాఢమైన ప్రేమ లేనివాడు అంతకాలం ఈ శ్రమకు ఓర్వలేడు.

1916 ఏప్రిల్ 24వ తేదీన డబ్లిన్‌లో బ్రిటిష్ పాలనపై సాయుధ తిరుగుబాటు చెలరేగింది. ఈస్టర్ పండుగ రోజుల్లో జరిగినందువల్ల దానికి ఈస్టర్ తిరుగుబాటు అని పేరు. అబీ నటులలో కొందరు అందులో పాల్గొన్నారు. షాన్ కొనొలీ అనే నటుడు తొలినాడే ప్రాణాలు కోల్పోయాడు. ఆర్థర్ షీల్డ్స్ తుపాకి పట్టి పోరాడి, పట్టుబడి, వేల్స్‌లోని ఫ్రాంగోక్ నిర్బంధ శిబిరానికి పంపబడ్డాడు. వారం తిరగకుండానే తిరుగుబాటు అణచివేయబడింది. నాయకులలో పదిహేను మందిని కాల్చి చంపారు. తమ్ముడు ఏ ప్రభుత్వంపై తుపాకి ఎత్తాడో, అన్న ఆ ప్రభుత్వానికే గుమాస్తా. పరాధీన దేశంలోని ఒకే ఇంటిలో చరిత్ర ఎన్ని రూపాలు దాలుస్తుందో దీనిని బట్టి తెలుస్తుంది.

ఓకేసీ నాటకాలు – బాయిల్ పాత్ర

ఫిట్జెరాల్డ్ ప్రతిభకు తగిన పాత్రలను సృష్టించిన రచయిత షాన్ ఓకేసీ. అతడు డబ్లిన్ పేదవాడల జీవితాన్ని అనుభవించి, కూలిపని చేసి, నలభై ఏళ్లు దాటిన తర్వాత నాటకకర్తగా గుర్తింపు పొందినవాడు. 1924 మార్చిలో అతని ‘జూనో అండ్ ది పేకాక్’ అబీలో ప్రదర్శితమయింది. ఐర్లండ్‌ను చీల్చివేసిన అంతర్యుద్ధం దానికి నేపథ్యం. ఇరుకు గదుల్లో కాపురముండే ఒక పేద కుటుంబం పతనమే ఇతివృత్తం.

ఆ ఇంటి యజమాని బాయిల్ పాత్రను ఫిట్జెరాల్డ్ ధరించాడు. ఎప్పుడో ఒకసారి బొగ్గు పడవ ఎక్కినందుకే తనను తాను కెప్టెన్‌గా చెప్పుకొనే మనిషి బాయిల్. ఇంటిల్లిపాది ఆకలితో ఉన్నా అతడు మాత్రం నెమలిలా ఠీవిగా తిరుగుతాడు. పని దొరికిందన్న మాట చెవిన పడితే చాలు, అతనికి కాళ్లనొప్పులు మొదలవుతాయి. సంసార భారమంతా భార్య జూనో మోస్తుంది. లేని ఆస్తి వస్తుందని నమ్మి అప్పులు చేయటం, ఆ ఆశ కూలిపోవటం, కూతురు మోసపోవటం, కొడుకు హత్యకు గురికావటం వరుసగా జరుగుతాయి. జూనో కూతురిని వెంటబెట్టుకొని ఇల్లు విడిచిపోతుంది. సామాను తరలిపోయిన ఖాళీ గదిలోకి, కొడుకు మరణవార్త కూడ తెలియని బాయిల్, తాగి తూలుతూ ప్రవేశించటంతో నాటకం ముగుస్తుంది.

ఈ పాత్రలో ఫిట్జెరాల్డ్ మొదట ప్రేక్షకులను కడుపుబ్బ నవ్వించేవాడు. చివరికి వచ్చేసరికి ఆ నవ్వే ప్రేక్షకులకు గుండెల్లో ముల్లయ్యేది. బాయిల్ మాటలు మారవు, గొప్పలు మారవు, తూలే నడక మారదు. అతని చుట్టూ లోకం మాత్రం కూలిపోయి ఉంటుంది. హాస్యం నుండి విషాదం ఏ విధంగా పుట్టగలదో చూపిన నటన అది. నిరుద్యోగుల వ్యవహారాలు చూసే కార్యాలయంలో పగలంతా పనిచేసిన ఉద్యోగే, రాత్రి వేదిక మీద పనిదొంగగా అవతరించటం ఒక చమత్కారం. జూనోగా నటించిన సారా ఆల్‌గుడ్, బాయిల్ మిత్రుడిగా నటించిన ఎఫ్.జె.మెకార్మిక్ కూడ గొప్ప నటులే. ఒక వారానికి మించి నాటకాన్ని ఆడే అలవాటు లేని అబీలో, ఈ నాటకం ఆ గడువును దాటింది. ఆర్థికంగా చితికి ఉన్న నాటకశాలకు ఊపిరి పోసింది.

1926 – నాటకశాలలో అలజడి

రెండేళ్ల తర్వాత, 1926 ఫిబ్రవరి 8వ తేదీన ఓకేసీ మరొక నాటకం ‘ది ప్లౌ అండ్ ది స్టార్స్’ ప్రదర్శన ప్రారంభమయింది. ఈస్టర్ తిరుగుబాటు జరిగి అప్పటికి పదేళ్లు. ఆనాడు బలియైన వారిని జాతి దేవతలుగా ఆరాధిస్తున్న కాలమది. ఓకేసీ మాత్రం వీరులను గాక, ఆ పోరాటం మధ్య నలిగిపోయిన పేదవాడ జనాన్ని చిత్రించాడు. జాతీయోద్యమ పతాకాలను సారాదుకాణంలోకి తెచ్చినట్లు చూపించటం, ఆ దృశ్యంలోనే ఒక వేశ్యపాత్ర ఉండటం ఎందరినో నొప్పించింది. ఇందులో ఫ్లూథర్ గుడ్ అనే వడ్రంగి పాత్ర ఫిట్జెరాల్డ్‌ది. తాగుడు మానలేని బలహీనుడైనా, తుపాకులు పేలుతున్న వేళ పొరుగింటి స్త్రీని వెదకి తేవటానికి ప్రాణాలకు తెగించే మనిషి అతడు.

ఫిబ్రవరి 11వ తేదీ రాత్రి ప్రేక్షకాగారంలో పెద్ద అలజడి చెలరేగింది. తిరుగుబాటులో తమవారిని పోగొట్టుకొన్న స్త్రీలు కూడ నిరసన తెలిపిన వారిలో ఉన్నారు. కేకలు మిన్నుముట్టాయి. కొందరు వేదిక మీదికి ఎక్కి నటులపై చేయిచేసుకొన్నారు. నలుగురిలో నోరు విప్పటానికి బిడియపడే ఫిట్జెరాల్డ్ ఆ రాత్రి పిడికిలి బిగించి, వేదిక ఎక్కిన ఒక వ్యక్తిని కిందికి పడేటట్లు కొట్టాడు. యేట్స్ స్వయంగా వేదిక మీదికి వచ్చి, నాటకకర్త పక్షాన నిలబడి ప్రేక్షకులను మందలించాడు. పోలీసుల రక్షణలో నాటకం పూర్తయింది. ఆ వారంలోనే సాయుధులైన కొందరు ఫిట్జెరాల్డ్‌ను అపహరించే ఉద్దేశంతో ఆయన తల్లి ఇంటికి వెళ్లారని, ఆయన అక్కడ లేకపోవటంతో వెనుదిరిగారని నాటి వృత్తాంతాలు తెలుపుతున్నాయి. ప్రదర్శనలు మాత్రం ఆగలేదు.

ఈ సంఘటనను ఒకే వైపు నుండి చూడరాదు. భర్తను, కొడుకును కోల్పోయిన స్త్రీ వేదన నిజమైనది. దేశం కోసం జరిగిన పోరాటంలో సామాన్యుడి కడుపుకోతను కూడ చెప్పాలనుకొన్న రచయిత ఆవేదన కూడ నిజమైనదే. ఆ రెండింటికి నడుమ నిలబడి దెబ్బలు తిన్నది నటుడు. రచయిత చెప్పదలచిన సత్యానికి శరీరాన్ని అరువిచ్చేవాడు అతడే కాబట్టి, దాని ఫలితాన్ని ముందుగా అనుభవించేవాడు కూడ అతడే.

నలభై ఒకటవ యేట నిర్ణయం

1928లో ఓకేసీ ‘ది సిల్వర్ టాసీ’ అనే నాటకం రచించి అబీకి పంపాడు. మొదటి ప్రపంచ యుద్ధపు క్రౌర్యాన్ని ఖండించే ఆ నాటకాన్ని యేట్స్ తదితర నిర్వాహకులు తిరస్కరించారు. మనసు విరిగిన ఓకేసీ లండన్‌లోనే స్థిరపడ్డాడు. 1929 అక్టోబరులో లండన్‌లోని అపోలో నాటకశాలలో ఆ నాటకం ప్రదర్శించబడింది. అందులో ఒక ముఖ్యపాత్రకు ఫిట్జెరాల్డ్‌కు పిలుపు వచ్చింది.

ఇప్పుడు ఆయన ఎదుట రెండు మార్గాలు నిలిచాయి. డబ్లిన్‌లో కొలువు, దానితోపాటు రానున్న పింఛను. లండన్‌లో కొన్ని వారాలు మాత్రమే సాగే నాటకం, ఆ తర్వాత ఏమవుతుందో తెలియని భవిష్యత్తు. అప్పటికి ఆయన వయస్సు నలభై ఒకటి. కొత్త జీవితం ప్రారంభించే వయసు కాదని లోకం అంటుంది. పద్దెనిమిదేళ్ల సర్వీసును విడిచిపెట్టి ఆయన పూర్తికాలపు నటుడయ్యాడు. లండన్‌లో కొంతకాలం ఓకేసీతో కలిసి నివసించాడు. దాచిపెట్టుకొన్న పేరుతో బతికిన మనిషి, నాటి నుండి ఆ పేరుతోనే వెలుగులోకి వచ్చాడు.

దారి వెంటనే సుగమం కాలేదు. 1930లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ‘జూనో అండ్ ది పేకాక్’ను చలనచిత్రంగా తీశాడు. జూనోగా సారా ఆల్‌గుడ్‌నే తీసుకొన్నా, బాయిల్ పాత్ర వేరొక నటుడికి దక్కింది. ఆ పాత్రకు ప్రాణం పోసిన ఫిట్జెరాల్డ్‌కు వీధి ఉపన్యాసకుడి చిన్న వేషం మిగిలింది. ఆయన దానినే శ్రద్ధగా నటించాడు. తిరిగి అబీ బృందంతో కలిసి అమెరికా పర్యటనలు చేశాడు. ఆ పర్యటనలే ఆయన భవిష్యత్తుకు బాటలు వేశాయి.

హాలీవుడ్ ప్రస్థానం

దర్శకుడు జాన్ ఫోర్డ్ ఐర్లండ్ నుండి అమెరికాకు వలస వెళ్లిన తల్లిదండ్రుల బిడ్డ. అతడు 1936లో ‘ది ప్లౌ అండ్ ది స్టార్స్’ను చిత్రంగా తీయ సంకల్పించి, అబీ నటులను హాలీవుడ్‌కు రప్పించాడు. ఫిట్జెరాల్డ్ తన ఫ్లూథర్ పాత్రనే మళ్లీ ధరించాడు. ఈస్టర్ తిరుగుబాటు నాయకుడు పియర్స్ పాత్రను ఆర్థర్ షీల్డ్స్ ధరించాడు. నిజజీవితంలో పియర్స్ నాయకత్వాన పోరాడిన యోధుడే ఇరవై ఏళ్ల తర్వాత తెర మీద పియర్స్‌గా కనిపించటం అరుదైన విషయం.

ఆ తర్వాత అన్నదమ్ములిద్దరు అమెరికాలో నిలిచిపోయారు. 1938లో ‘బ్రింగింగ్ అప్ బేబీ’లో తోటమాలిగా, 1940లో ‘ది లాంగ్ వాయేజ్ హోమ్’లో నావికుడిగా, 1941లో ‘హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ’లో బొగ్గుగని కార్మికుల ఊరిలోని మనిషిగా ఫిట్జెరాల్డ్ నటించాడు. పాత్రలు చిన్నవి. వాటిని ఆయన చిన్నవిగా ఉంచలేదు. రంగస్థలాన్ని కూడ విడువలేదు. 1940లో న్యూయార్క్‌లో సారా ఆల్‌గుడ్‌తో కలిసి బాయిల్‌గా మళ్లీ వేదిక ఎక్కాడు.

‘గోయింగ్ మై వే’ – ఆస్కార్ బహుమతి

1944లో లియో మెకారీ దర్శకత్వంలో వచ్చిన ‘గోయింగ్ మై వే’ ఆయన జీవితంలో శిఖరప్రాయమైనది. అప్పుల్లో కూరుకుపోయిన చర్చిని ఏళ్ల తరబడి నడుపుతున్న వృద్ధ మతగురువు ఫిట్జ్‌గిబ్బన్ పాత్ర ఆయనది. ఆయన స్థానంలోకి రావలసిన యువ మతగురువుగా ప్రసిద్ధ గాయకుడు బింగ్ క్రాస్బీ నటించాడు. వృద్ధుడి చాదస్తం, పంతం, తన రోజులు ముగిశాయని తెలిసి కలిగే వేదన, అన్నింటిని ఫిట్జెరాల్డ్ అతి సున్నితంగా ప్రదర్శించాడు. చిత్రాంతంలో నలభై ఏళ్లకు పైగా చూడని కన్నతల్లిని ఐర్లండ్ నుండి రప్పించి ఆ వృద్ధుడి ఎదుట నిలబెడతారు. యుద్ధకాలంలో బిడ్డలను దూరదేశాలకు పంపుకొన్న తల్లుల హృదయాలను ఆ దృశ్యం కరిగించింది.

ఈ ఒకే ఒక్క పాత్రకు ఆయన పేరు ఆస్కార్ ఉత్తమ నటుడి బహుమతికి, ఉత్తమ సహాయ నటుడి బహుమతికి కూడ ప్రతిపాదించబడింది. 1945 మార్చి 15వ తేదీన, అనగా యాభై ఏడేళ్లు నిండిన అయిదవ రోజున, ఆయన ఉత్తమ సహాయ నటుడి బహుమతిని అందుకొన్నాడు. ఉత్తమ నటుడిగా బింగ్ క్రాస్బీ ఎంపికయ్యాడు. ఒక పాత్రకు రెండు విభాగాలలో ప్రతిపాదన పొందే వీలు లేకుండా తరువాత అకాడమీ నిబంధనలను మార్చింది. కాబట్టి ఆ గౌరవం నటులలో ఆయన ఒక్కడికే మిగిలిపోయింది.

యుద్ధకాలంలో లోహం కొరత వల్ల ఆ సంవత్సరాల్లో ఆస్కార్ ప్రతిమలను ప్లాస్టర్‌తో చేసేవారు. గోల్ఫ్ ఆట అంటే ప్రాణమిచ్చే ఫిట్జెరాల్డ్ ఒకనాడు ఇంటిలోనే సాధన చేస్తూ కర్ర విసరగా, ఆ దెబ్బకు ప్రతిమ తల ఊడిపోయింది. తరువాత ఆయనకు మరొక ప్రతిమ లభించింది.

కీర్తి వచ్చిన కాలంలోనే కష్టం కూడ వచ్చింది. 1944 మార్చిలో ఆయన నడుపుతున్న కారు ప్రమాదానికి గురై ఒక స్త్రీ మరణించింది. ఆయనపై అభియోగం మోపబడింది. 1945 జనవరిలో న్యాయస్థానం సాక్ష్యం చాలదని ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. లోకం ఆయన నటనను చూసి నవ్వుతున్న ఆ నెలలన్నిటిలోను ఈ విచారణ ఆయన తలపై వేలాడుతూనే ఉంది.

తరువాతి చిత్రాలు

బహుమతి తర్వాత ఆయనకు ప్రధాన పాత్రలు లభించాయి. 1945లో అగాథా క్రిస్టీ కథ ఆధారంగా తీసిన ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’లో న్యాయమూర్తిగా నటించాడు. నవ్వుల వెనుక భయాన్ని దాచగల నటుడని ఆ పాత్రతో నిరూపించాడు. 1948లో వచ్చిన ‘ది నేకెడ్ సిటీ’ని స్టూడియో గోడల మధ్య గాక ఎక్కువ భాగం న్యూయార్క్ వీధుల్లోనే చిత్రించారు. అందులో హత్యను పరిశోధించే పోలీసు అధికారి పాత్ర ఆయనది. తుపాకిని గాక ఓపికను నమ్ముకొన్న అధికారి అతడు.

1951 వేసవిలో జాన్ ఫోర్డ్ ‘ది క్వైట్ మ్యాన్’ చిత్రం కోసం తన బృందాన్ని ఐర్లండ్‌లోని మేయో ప్రాంతపు కాంగ్ గ్రామానికి తీసుకొనిపోయాడు. జాన్ వేన్, మారీన్ ఓహారా నాయికా నాయకులు. ఊరి పెళ్లిళ్ల పేరయ్యగా ఫిట్జెరాల్డ్, ప్రొటెస్టంట్ మతగురువుగా ఆర్థర్ నటించారు. గుర్రపు బండి తోలుతూ, సారాదుకాణం కనబడగానే దాహం వేసే ఆ పేరయ్య పాత్ర నేటికి ప్రేక్షకులను అలరిస్తూనే ఉంది. ఆ వేసవిలోనే, జూలై నెలలో, అబీ నాటకశాల అగ్నికి ఆహుతి అయింది. ప్రమాదానికి ముందు రాత్రి అక్కడ ఆడిన నాటకం ‘ది ప్లౌ అండ్ ది స్టార్స్’. తనను నటుడిగా కన్న ఇల్లు అలా కనుమరుగయింది. కొత్త భవనం 1966లో ప్రారంభమయ్యేనాటికి ఆయన జీవించి లేడు.

అభినయ విశిష్టత

అభినయం ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలని మన నాట్యశాస్త్రం చెబుతుంది. ఈ కొలమానంతో చూస్తే ఫిట్జెరాల్డ్ కళ సులభంగా బోధపడుతుంది. ఆయన పొట్టి మనిషి. అందగాడు కాడు. ఆహార్యం మీద పెద్దగా ఆధారపడలేదు. నలిగిన కోటు, తలమీద టోపీ, నోటిలో పైపు ఉంటే చాలు. ఆంగికంలో ఆయన నడక ప్రత్యేకమైనది. మెడను ముందుకు చాచి, గడ్డాన్ని పైకెత్తి, అనుమానంగా లోకాన్ని చూస్తూ వేసే అడుగులే పాత్ర స్వభావాన్ని చెప్పేవి. వాచికంలో డబ్లిన్ వాడల యాస ఆయన సొత్తు. మాటను గొంతులో కొంతసేపు ఆపి, ఎదుటివాడు ఎదురుచూడనప్పుడు విడిచేవాడు. అన్నిటికన్న మిన్న సాత్త్వికం. కనుబొమ ఎత్తటంలో కోపం, కనుకొనలో తడి, రెండింటిని ఒకే క్షణంలో చూపగల నేర్పు ఆయనది.

ఆయన నటనపై విమర్శ లేకపోలేదు. ఐరిష్‌వాడిని నవ్వులపాలు చేసే పాత ముద్రను తొలగించటానికి పుట్టిన నాటకశాల నుండి వచ్చిన నటుడే, హాలీవుడ్‌లో తాగుడు, కొంటెతనం, యాస కలిసిన మరొక ముద్రకు కారకుడయ్యాడని కొందరు విమర్శకులు భావించారు. ఈ అభిప్రాయంలో కొంత సత్యం ఉంది. నిర్మాతలు అడిగినది అటువంటి పాత్రలనే. ఆయన వాటిని కాదనలేదు. కాని ఆ పాత్రలను పరిశీలించి చూసినవారికి నవ్వు అడుగున ఒక ఒంటరితనం, ఒక ఆత్మాభిమానం కనిపిస్తాయి. వృద్ధ మతగురువు గాని, ఫ్లూథర్ గాని కేవలం బొమ్మలు కారు. ముద్ర నిర్మాతలది. దానిలో పోసిన ప్రాణం నటుడిది.

చివరి దినాలు

ఫిట్జెరాల్డ్ వివాహం చేసుకోలేదు. హాలీవుడ్ విందులకు, ఆడంబరాలకు దూరంగా ఉండేవాడు. గోల్ఫ్ ఆట, కొద్దిమంది మిత్రులు, తమ్ముడి సాంగత్యం, ఇవే ఆయన ప్రపంచం. 1956లో ‘ది కేటర్డ్ అఫైర్’ చిత్రంలో బెట్టీ డేవిస్‌తో కలిసి నటించాడు. 1959లో వచ్చిన ‘బ్రాత్ ఆఫ్ ఎ బాయ్’లో ప్రపంచంలోకెల్ల వయోవృద్ధుడి పాత్ర ధరించాడు. జీవిత చరమదశలో జన్మభూమికి తిరిగి వచ్చి, 1961 జనవరిలో డబ్లిన్ నగరంలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బై రెండేళ్లు. డీన్స్‌గ్రేంజ్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. 1970లో అమెరికాలో మరణించిన ఆర్థర్ షీల్డ్స్‌ను కూడ డబ్లిన్‌కు తీసుకొని వచ్చి ఆ వాటికలోనే ఖననం చేశారు.

హాలీవుడ్ కాలిబాటపై ఆయన పేరిట రెండు నక్షత్రాలు ఉన్నాయి. ఒకటి చలనచిత్రాలకు, మరొకటి టెలివిజన్‌కు. నాటకానికి అక్కడ గుర్తు లేదు. అయినా ఆయన తెర మీద చూపినదంతా అబీ వేదిక మీద, పద్దెనిమిదేళ్ల సాయంకాలాలలో సంపాదించుకొన్నదే. ఒక్క వాక్యం పలకటానికి తడబడిన యువకుడు, ఆ తడబాటుకు సిగ్గుపడి ఇంటికి పోలేదు. రోజుకు కొన్ని గంటలు మాత్రమే దొరికినా వాటినే నమ్ముకొన్నాడు. అవకాశం వచ్చిననాడు వయసును సాకుగా చూపలేదు. చిన్నవేషమైనా పెద్దవేషమైనా ఒకే శ్రద్ధతో ధరించాడు. తమ ఇష్టమైన విద్యకు పూర్తికాలం కేటాయించలేక, మనసు చంపుకోలేక సతమతమయ్యే యువతీయువకులకు బారీ ఫిట్జెరాల్డ్ జీవితం ధైర్యాన్నిస్తుంది.